ఏ తాళం ముందు మార్చాలి? లింక్డిన్ లీకు నుంచి మన పాస్‌వర్డుల దాకా

ఫలానా సైటులో డేటా లీకైందని వార్త రాగానే మనలో చాలామంది చేసే పని ఒకటే. ఆ సైటు తెరిచి, పాస్‌వర్డ్ చివర ఉన్న 1 తీసేసి 2 పెడతాం. హమ్మయ్య అనుకుని ఫోన్ పక్కన పడేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఒకరోజు నేను ఎప్పుడో మర్చిపోయిన ఒక షాపింగ్ సైటులో, నా పేరు మీద, నాకు తెలియని ఊరికి ఆర్డర్ వెళ్లింది. ఆ సైటులో ఏ లీకూ జరగలేదు. పాస్‌వర్డ్ మాత్రం నాలుగు చోట్ల ఒకటే పెట్టుకున్నాను, అందులో ఒకచోట పోయింది.

దొంగ వచ్చేది ఎక్కువసార్లు ఇలాంటి దారినే. లీకైన సైటులో మన దగ్గర దోచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అక్కడ దొరికిన తాళంచెవిని పట్టుకెళ్లి మిగతా తలుపులన్నింటికీ పెట్టి చూడటమే వాళ్ల పని. అందుకే ఈ వ్యాసంలో లీకైన సైటు కంటే మిగతా తలుపుల గురించే ఎక్కువ రాస్తున్నాను. ముందుగా ఒక నిజమైన లీకు కథ చెబుతాను. తర్వాత చెప్పే పనుల వరస అందులోంచే వచ్చింది.

లింక్డిన్‌లో ఏం జరిగింది

2012 జూన్ మొదటి వారంలో, రష్యన్ హ్యాకర్లు కలుసుకునే ఒక ఆన్‌లైన్ అడ్డాలో దాదాపు 65 లక్షల పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డుల బదులు సైట్లు దాచుకునే మారు రూపాలు, సంగతి కింద చెబుతాను) ప్రత్యక్షమయ్యాయి. అవి తమ సభ్యులవేనని ఉద్యోగ పరిచయాల సైటు లింక్డిన్ జూన్ 6న ఒప్పుకుంది. బయటపడ్డ ఆ ఖాతాల పాస్‌వర్డులు చెల్లకుండా చేసింది. కొన్నాళ్లు గొడవ జరిగింది, తర్వాత అందరూ మర్చిపోయారు.

దాదాపు నాలుగేళ్లకు, 2016 మేలో, "పీస్" అనే మారుపేరుతో ఒకడు డార్క్ వెబ్‌లో (మామూలు బ్రౌజర్‌కు దొరకని చాటు ఇంటర్నెట్‌లో) సరుకు అమ్మకానికి పెట్టాడు. 11.7 కోట్ల ఈమెయిళ్లు, వాటి పక్కనే పాస్‌వర్డ్ హ్యాష్‌లు. ధర 5 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కలో సుమారు 2,200 డాలర్లు. కొత్త దొంగతనం కాదు, 2012 నాటి సొత్తే. అంటే 65 లక్షలనుకున్నది నిజానికి పదహారు కోట్లకు పైగా ఖాతాల వివరాలు, అందులో ఈమెయిలూ హ్యాషూ రెండూ ఉన్నవే ఆ 11.7 కోట్లు. అది నాలుగేళ్లుగా ఎవరో ఒకరి చేతిలో ఉంది. పాస్‌వర్డ్ మార్చని వాళ్లు ఆ నాలుగేళ్లూ తలుపు తెరిచిపెట్టి పడుకున్నట్టే. 2012 లీకుకు ముందు తెరిచి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చని ఖాతాలన్నింటి పాత పాస్‌వర్డులనూ లింక్డిన్ అప్పుడు గానీ రద్దు చేయలేదు.

హ్యాష్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. మంచి సైటు ఏదీ మన పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోదు. దాన్ని ఒక లెక్క అనే తిరగలిలో వేసి, వచ్చిన పిండిని దాచుకుంటుంది. బియ్యం నుంచి పిండి వస్తుంది కానీ పిండి నుంచి బియ్యం రావు. లింక్డిన్ అప్పట్లో వాడిన తిరగలి పేరు ఎస్‌హెచ్‌ఏ-1. అందులో ఏది వేసినా 40 అక్షరాల పిండి వస్తుంది. 123456 వేస్తే ఎప్పుడు వేసినా, ఎవరు వేసినా, 7సి4ఎ8డి అని మొదలయ్యే ఒకే పిండి.

చిక్కంతా ఆ "ఎవరు వేసినా ఒకే పిండి" దగ్గరే ఉంది. దొంగ పిండిని బియ్యంగా మార్చే ప్రయత్నమే చేయడు. జనం పెట్టుకునే పాస్‌వర్డులన్నీ తానే వరసగా విసిరి, వచ్చిన పిండిని దొంగిలించిన పిండితో పోల్చుకుంటాడు. కలిసిందా, దొరికినట్టే. దీనికి విరుగుడు పాతదే. విసిరే ముందు ఒక్కో ఖాతాకు వేరు వేరుగా, యాదృచ్ఛికంగా కొన్ని అక్షరాలు కలపాలి. ఇంగ్లిషులో దాన్ని సాల్ట్ అంటారు, మన ఉప్పే. అప్పుడు లక్ష మంది ఒకే పాస్‌వర్డ్ పెట్టినా లక్ష రకాల పిండి వస్తుంది, దొంగ ఒక్కొక్కరి కోసం మళ్లీ మొదటి నుంచి విసరాలి. 2012లో లింక్డిన్ ఆ ఉప్పు వేయలేదు. 2016లో ఆ జాబితాను విప్పి చూస్తే 123456 అని పెట్టుకున్న వాళ్లే ఏడున్నర లక్షల మందికి పైగా తేలారు.

దొంగ లోపలికి ఎలా వచ్చాడన్నది ఇంకా ఆసక్తికరం. యెవ్‌గెనీ నికులిన్ అనే రష్యన్‌ను 2016 అక్టోబరులో ప్రాగ్‌లో పట్టుకున్నారు. 2018లో అమెరికాకు అప్పగించారు. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు అతనికి 88 నెలల శిక్ష వేసింది. విచారణలో తేలిందేమిటంటే, అతను ముందు ఒక లింక్డిన్ ఉద్యోగి సొంత కంప్యూటర్‌లోకి దూరాడు. ఆ ఉద్యోగి లాగిన్ వివరాలతో కంపెనీలోకి నడిచి వెళ్లాడు. పెద్ద గోడ బద్దలు కొట్టలేదు, ఒక మనిషి తాళంచెవి తీసుకున్నాడు.

అక్కడితో ఆగలేదు. లింక్డిన్‌లో వాడిన పాస్‌వర్డ్‌నే, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచే డ్రాప్‌బాక్స్ కంపెనీ ఉద్యోగి ఒకడు ఆఫీసులోనూ వాడాడు. ఆ దారిన డ్రాప్‌బాక్స్ నుంచి పోయిన 6.8 కోట్ల ఖాతాల వివరాలు కూడా 2016లోనే బయటికొచ్చాయి. అదే ఏడాది జూన్‌లో మార్క్ జుకర్‌బర్గ్ ట్విటర్, పింటరెస్ట్ ఖాతాలను కొందరు హ్యాకర్లు కాసేపు చేజిక్కించుకున్నారు. లింక్డిన్ జాబితాలో దొరికిన పాస్‌వర్డే పనిచేసిందని, అది "దాదాదా" అని వాళ్లే చెప్పుకున్నారు. ఫేస్‌బుక్ పెట్టినాయన పరిస్థితే అదైతే, మనం సిగ్గుపడాల్సిన పనేం లేదు. పని మొదలుపెడదాం.

1. వార్త చదవండి, లింకు నొక్కకండి

లీకు వార్త రాగానే దాని వెంటే దొంగ మెయిళ్లు, వాట్సాప్ ఫార్వర్డులు వస్తాయి. "మీ ఖాతా ప్రమాదంలో ఉంది, వెంటనే ఇక్కడ నొక్కి పాస్‌వర్డ్ మార్చుకోండి" అని. అందులో నిజమైనవీ ఉంటాయి, కానీ తేడా కనిపెట్టే పరీక్ష మీకెందుకు? మెయిల్‌లోని లింకు జోలికే వెళ్లకుండా, ఆ యాప్ మీరే తెరవండి, లేదా సైటు పేరు మీరే టైపు చేయండి. ఈ ఒక్క అలవాటుతో సగం టెన్షన్ పోతుంది.

వార్తలో చూడాల్సింది ఒకటే: ఏం పోయింది? అన్ని లీకులూ ఒకటి కావు.

2021లో 53.3 కోట్ల మంది ఫేస్‌బుక్ వాడకందారుల వివరాలు బయటపడ్డాయి, అందులో మన దేశం వాళ్లు సుమారు 60 లక్షలు. కానీ అవి ఫోన్ నంబర్లు, పేర్లు, కొన్ని ఈమెయిళ్లు. పాస్‌వర్డులు లేవు. అలాంటప్పుడు పాస్‌వర్డ్ మార్చినా ఒరిగేది తక్కువ. వచ్చే ఫోన్ కాల్స్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

దీనికి పూర్తిగా ఎదురు కొస 2009 నాటి రాక్‌యూ. ఫేస్‌బుక్‌కీ మైస్పేస్‌కీ చిన్న చిన్న యాప్‌లు చేసిన కంపెనీ అది. 3.2 కోట్ల పాస్‌వర్డులను ఏ తిరగలిలోనూ వేయకుండా, రాసినవి రాసినట్టు దాచుకుంది. అవన్నీ పోయాయి. ఆ జాబితా ఈనాటికీ పాస్‌వర్డులు విరగ్గొట్టే వాళ్లకు పెద్దబాలశిక్ష లాంటిది. అందులో ఉన్న మాట మీరు ఎక్కడ పెట్టుకున్నా మొదటి నిమిషంలోనే పోతుంది.

వార్తలో "హ్యాష్ చేసిన పాస్‌వర్డులు" అని ఉంటే ఊరట పడకండి. మీ పాస్‌వర్డ్ పోయిందనే లెక్క వేసుకోండి. లింక్డిన్‌వీ హ్యాష్‌లే.

2. ముందు ఈమెయిల్ తాళం

లీకైనది ఏ సైటైనా సరే, మొదట చూడాల్సింది మీ ప్రధాన ఈమెయిల్. కారణం సులువు. ఏ సైటులోనైనా "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కితే లింకు వచ్చేది అక్కడికే. ఈమెయిల్ చేతికొస్తే మిగతా తలుపులకు తాళాలు పగలగొట్టక్కర్లేదు, కొత్తవి చేయించుకోవచ్చు.

ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడి ఉంటే ఇప్పుడే మార్చండి. ఆఫీసు కంప్యూటర్ నుంచో నెట్ సెంటర్ నుంచో వద్దు, మీ సొంత ఫోన్ నుంచే. మార్చాక వెళ్లిపోకండి, ఇంకో నాలుగు చోట్లు చూడాలి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే.

మొదటిది, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా. జీమెయిల్ అయితే గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ అనే చోట ఉంటుంది. అందులో మీరు ఎరగని ఫోనో, ఎప్పుడో అమ్మేసిన ఫోనో కనిపిస్తే సైన్ అవుట్ చేయండి.

రెండోది, రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్. మన దగ్గర ఇది పెద్ద సమస్య. సిమ్ మార్చేస్తాం, పాత నంబరు మెయిల్‌లో అలాగే ఉండిపోతుంది. మన దేశంలో మూసేసిన నంబరును కనీసం 90 రోజులు ఆపి, తర్వాత కొత్తవాళ్లకు ఇస్తారు. అంటే మీ పాత నంబరు ఈపాటికి మరెవరి జేబులోనో ఉండొచ్చు, మీ ఓటీపీలు వాళ్లకు వెళ్లొచ్చు. అమెరికాకో గల్ఫ్‌కో వెళ్లిన వాళ్లయితే ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడి సిమ్ రీచార్జి మర్చిపోతారు, ఇక్కడి బ్యాంకు, మెయిల్ మాత్రం ఆ నంబరు మీదే నడుస్తుంటాయి.

మూడోది, ఫార్వర్డింగ్, ఫిల్టర్లు. మెయిల్‌లోకి ఒకసారి దూరినవాడు, బ్యాంకు మెయిళ్లు తనకు ఒక కాపీ వచ్చేలా రూలు పెట్టి వెళ్లిపోగలడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ రూలు పనిచేస్తూనే ఉంటుంది. జీమెయిల్‌లో ఇవి కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిస్తేనే సరిగ్గా కనిపిస్తాయి.

నాలుగోది, మీ ఖాతాకు అనుమతి ఉన్న బయటి యాప్‌లు. ఎప్పుడో "మీరు ఏ జంతువు?" అనే ఆట ఆడి గూగుల్‌తోనో ఫేస్‌బుక్‌తోనో లాగిన్ అయ్యుంటారు. తీసేయండి.

3. మీది పోయిందో లేదో చూసుకోవడం

"హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అని ఒక సైటు ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టారు. అందులో మీ ఈమెయిల్ ఇస్తే అది ఏయే లీకుల్లో ఉందో చూపిస్తుంది. లింక్డిన్ లీకువే 16.4 కోట్ల ఖాతాలు అందులో ఉన్నాయి. ఈ పేరుకు దగ్గరగా నకిలీ సైట్లు ఉండొచ్చు కాబట్టి ఎవరో పంపిన లింకుతో కాకుండా మీరే వెతికి వెళ్లండి. ఏ సైటైనా ఈమెయిల్, పాస్‌వర్డ్ రెండూ కలిపి అడిగిందంటే బయటికి వచ్చేయండి.

అదే సైటులో పాస్‌వర్డ్‌ని విడిగా తనిఖీ చేసే ఏర్పాటూ ఉంది. "పాస్‌వర్డ్ లీకైందో లేదో తెలుసుకోవడానికి పాస్‌వర్డ్ ఇవ్వాలా?" అని మా బావగారు నవ్వారు. నవ్వాల్సిన ప్రశ్నే, కానీ దీనికి తెలివైన జవాబుంది. మీరు టైపు చేసిన పాస్‌వర్డ్‌ను మీ బ్రౌజరే పిండి చేసి, ఆ 40 అక్షరాల్లో మొదటి 5 మాత్రమే పంపుతుంది. ఆ ఐదుతో మొదలయ్యేవి వందల కొద్దీ ఉంటాయి, అవన్నీ సైటు తిరిగి పంపుతుంది. మీది వాటిలో ఉందో లేదో మీ బ్రౌజరే చూసుకుంటుంది. మీరు దేన్ని వెతికారో సైటుకు తెలియదు. అయినా నమ్మకం కుదరకపోతే మానేయండి, నష్టం లేదు. క్రోమ్‌లోనూ ఐఫోన్‌లోనూ పాస్‌వర్డులు సేవ్ చేసుకుని ఉంటే, లీకైనవీ రెండుచోట్ల వాడినవీ అవే ఎర్రగా చూపిస్తాయి.

జాబితాలో మీ పేరు లేదని రాగానే పండగ చేసుకోకండి. లింక్డిన్ సరుకు నాలుగేళ్లు చీకట్లో ఉంది. ఆ నాలుగేళ్లలో ఎవరు వెతికినా "అంతా బాగానే ఉంది" అనే వచ్చేది.

4. ఒకే తాళంచెవి ఎన్ని తలుపులకు?

ఇప్పుడు లీకైన సైటులో పాస్‌వర్డ్ మార్చండి, "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అన్నది కూడా నొక్కండి. ఇది రెండు నిమిషాల పని. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో గుర్తు తెచ్చుకోవడానికే టైమ్ పడుతుంది.

ఒక కాగితం తీసుకోండి. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డుల జాబితా చూడండి. తర్వాత మెయిల్‌లో "వెల్కమ్", "వెరిఫై", "రిజిస్ట్రేషన్" లాంటి మాటలు ఇంగ్లిషులో వెతకండి. పదిహేనేళ్ల నాటి పెళ్లి సంబంధాల సైటు, కాలేజీ ఫలితాల సైటు, ఎప్పుడో ఒక్కసారి బస్సు టికెట్టు కొన్న సైటు, అన్నీ లేచి కూర్చుంటాయి. నా జాబితా వందకు దగ్గరగా వచ్చింది. పదో ఇరవయ్యో ఉంటాయనుకున్నాను.

అన్నీ ఒకే రోజు మార్చాలని కూర్చుంటే పదో సైటు దగ్గర విసుగొచ్చి మళ్లీ పాత పాస్‌వర్డే పెట్టేస్తారు. నేను చేసిన వరస ఇది: ఈమెయిల్ అయిపోయింది కాబట్టి బ్యాంకులు, షేర్లు, పీఎఫ్ లాంటి డబ్బు సైట్లు. తర్వాత ఫోన్‌కి సంబంధించిన గూగుల్ లేదా యాపిల్ ఖాతా. తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డిన్, ఎందుకంటే మీ పేరుతో మీ వాళ్లను డబ్బులడిగేది అక్కడి నుంచే. ఆ తర్వాత కార్డు వివరాలు దాచిన షాపింగ్, టికెట్టు సైట్లు. మిగిలినవి మళ్లీ వాడేటప్పుడు ఒక్కొక్కటిగా. అసలు వాడనే వాడని ఖాతాను మార్చడం కంటే మూసేయడం మేలు.

ఇంకోమాట. "సైటు పేరు చివర కలుపుతాను, అప్పుడు ప్రతిదీ వేరే కదా" అనేవాళ్లున్నారు. రవి అట్ లింక్డిన్, రవి అట్ ఫేస్‌బుక్. ఒకటి చూసినవాడికి మిగతావన్నీ తెలిసిపోతాయి. మనిషి చూసినా అంతే, ప్రోగ్రాము చూసినా అంతే.

5. కొత్త పాస్‌వర్డ్ ఎలా ఉండాలి

మనవాళ్ల పాస్‌వర్డులు ఎలా ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటి దేవుడి పేరు, పిల్లల పేరు, హీరో పేరు, బండి నంబరు. మొదటి అక్షరం పెద్దది, చివర అట్ 123. సైటు పెద్దక్షరం ఒకటి, గుర్తు ఒకటి, అంకె ఒకటి కావాలందని అందరం ఒకే దారిలో నడిచాం. దొంగల ప్రోగ్రాములు కూడా అదే దారిలో కూర్చుంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఈ గుర్తుల, అంకెల నియమాలు వద్దని, మూడు నెలలకోసారి బలవంతంగా మార్పించడమూ వద్దని, పొడవు చూడమని చెప్పింది. మన ఆఫీసుల్లో చాలాచోట్ల ఆ మాట ఇంకా చేరలేదు.

పొడవు ఎందుకో లెక్క చూడండి. ఇంగ్లిషు చిన్నక్షరాలు ఎనిమిదితో చేయగల పాస్‌వర్డులు మొత్తం 20,882 కోట్లు. చాలా పెద్దదిలా ఉంది కదా? ఇప్పుడు దొరికే మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి, ఎస్‌హెచ్‌ఏ-1 తిరగలిని సెకనుకు వెయ్యి కోట్ల సార్లకు పైగా తిప్పుతుంది. ఆ మొత్తం విసరడానికి అర నిమిషం కూడా పట్టదు.

అందుకని రెండు రకాలుగా వెళ్లాలి. నూటికి తొంభై పాస్‌వర్డులు మీరు గుర్తుపెట్టుకోవద్దు, చూడనైనా చూడొద్దు. పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాపే ఇరవై అక్షరాల చెత్తను తయారుచేసి దాచుకుంటుంది. గూగుల్‌ది, యాపిల్‌ది మీ ఫోన్‌లో ఇప్పటికే ఉన్నాయి, మొదలుపెట్టడానికి అవి చాలు. అన్ని రకాల పరికరాల్లో కావాలంటే బిట్‌వార్డెన్ ఉచితంగా దొరుకుతుంది. ఫైలు నా కంప్యూటర్ దాటకూడదు అనుకునేవాళ్లకు కీపాస్ ఉంది. ఇందులో ఇంకో లాభం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మేనేజర్ సైటు చిరునామాను చూసి మాత్రమే పాస్‌వర్డ్ నింపుతుంది. నకిలీ లింక్డిన్ పేజీని మీ కళ్లు నమ్మినా, అది నమ్మదు. రోజూ నింపేది ఒకరోజు నింపకపోతే, ఆగి చిరునామా చదవండి.

"అన్నీ ఒకేచోట పెడితే, ఆ చోటే పోతే?" మంచి ప్రశ్న. అలా జరిగింది కూడా. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి జనం ఖజానాల కాపీలు పోయాయి. అక్కడా దారి ఒక ఉద్యోగి ఇంటి కంప్యూటరే, పదేళ్ల తర్వాత లింక్డిన్ కథ మళ్లీ జరిగినట్టు. ఖజానాల్లోని పాస్‌వర్డులు తాళం వేసే ఉన్నాయి కాబట్టి, ఆ తాళం, అంటే మాస్టర్ పాస్‌వర్డ్, గట్టిగా ఉన్నవాళ్లకు భయం తక్కువ. బలహీనంగా పెట్టుకున్నవాళ్లకు ఎక్కువ. నేను మాత్రం మేనేజర్ వైపే ఉంటాను. ఒకే పాస్‌వర్డ్ నలభై చోట్ల వాడటం కంటే అది ఎన్నో రెట్లు నయం.

మరి మాస్టర్ పాస్‌వర్డ్, ఈమెయిల్ పాస్‌వర్డ్, ఈ రెండూ గుర్తుండాలి కదా. వీటికి మాటల వరస పెట్టుకోండి. ఒక లావుపాటి తెలుగు నిఘంటువు తీసుకుని కళ్లు మూసుకుని పేజీ తెరవండి, వేలు పెట్టండి. వేలు పడ్డ మాటే తీసుకోవాలి. బాగుందని ఒకటి, బాలేదని ఇంకోటి ఏరుకోకూడదు, మనసు ఏరుకునేవన్నీ అందరి మనసులూ ఏరుకునేవే. అలా ఆరు మాటలు. నాకు ఒకసారి ప్రాక్టీసులో జల్లెడ, మిణుగురు, తాంబేలు, కవ్వం, పొద్దు, గిలక వచ్చాయి. తాంబేలు జల్లెడలో మిణుగురుల్ని జల్లిస్తున్నట్టు ఊహించుకుంటే జన్మలో మర్చిపోరు. (ఇది అచ్చయిపోయింది కాబట్టి దీన్ని మాత్రం వాడకండి.)

ఆరెందుకు? నిఘంటువు బదులు, పాచికలతో మాటలు తీయడానికి వాడే 7,776 మాటల జాబితా నుంచి పాచికలు వేసి ఐదు మాటలు తీస్తే, పైన చెప్పిన వేగంతో ఒక్క కార్డుకు మొత్తం వెతకడానికి 90 ఏళ్లు పడుతుంది. దొంగ వంద కార్డులు తెస్తే ఏడాదిలోపే. ఆరో మాట కలిపితే ఆ 90 ఏళ్లు కాస్తా 7 లక్షల ఏళ్లవుతాయి.

తెలుగు మాటను ఇంగ్లిషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక చిక్కుంది. తాంబేలుకు టీ పక్కన హెచ్ పెట్టామా లేదా, ఒక ఏనా రెండా? మూడు రోజుల తర్వాత గుర్తుండదు. మీరు చాటింగ్‌లో ఎలా రాస్తారో అలాగే రాయండి, మొదటి నెల రోజులు ఆ స్పెల్లింగ్ కాగితం మీద ఉంచుకోండి.

కాగితం మీద రాయకూడదని మనకు ఎవరో చెప్పారు. ఆఫీసు మానిటర్‌కు అంటించకూడదు, నిజమే. ఇంట్లో బీరువాలో ఉన్న నోటుబుక్కును రష్యాలో ఉన్నవాడు చదవలేడు. మా అమ్మకు మేనేజర్ నేర్పించే ప్రయత్నం చేసి, చివరికి నోటుబుక్కు దగ్గరే ఆగాను. ఒక్కో సైటుకు ఒక్కో పాస్‌వర్డ్, చక్కటి చేతిరాత. ఆమె ఖాతాలు నాకు తెలిసిన చాలామంది ఇంజినీర్ల ఖాతాల కంటే భద్రంగా ఉన్నాయి.

6. రెండో గడియ

పాస్‌వర్డ్ పోయినా లోపలికి రాకుండా ఆపేది టూ-స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడో ఆధారమో అడగడం. ఈమెయిల్‌కూ డబ్బుకూ సోషల్ మీడియాకూ తప్పనిసరిగా పెట్టండి. వాట్సాప్‌కి కూడా ఆరంకెల పిన్ పెట్టే వీలుంది, చాలామంది పెట్టరు. అది మీ ఏటీఎం పిన్‌కో, యూపీఐ పిన్‌కో కవల పిల్ల కాకూడదు.

ఎస్సెమ్మెస్ ఓటీపీ ఏమీ లేనిదానికంటే మేలు. కానీ సిమ్ డూప్లికేట్ తీయించి ఓటీపీలు కాజేసే మోసాలున్నాయి, ఫోన్ చేసి మన నోటితోనే చెప్పించుకునేవీ ఉన్నాయి. వీలున్నచోట గూగుల్ ఆథెంటికేటర్ లాంటి యాప్ పెట్టుకోండి. నెట్ లేకపోయినా, సిమ్ లేకపోయినా కోడ్ ఇస్తుంది కాబట్టి విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇదే సుఖం. అన్నింటికంటే గట్టిది పాస్‌కీ. ఫోన్ వేలిముద్రతోనో ముఖంతోనో తెరుచుకుంటుంది, సైటు దగ్గర దొంగిలించడానికి పాస్‌వర్డంటూ ఉండదు. ఇచ్చే సైటులో తీసుకోండి.

ఇదంతా పెట్టాక ఫోన్ పోతే? అందుకే బ్యాకప్ కోడ్‌లు. గూగుల్ పది కోడ్‌లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో పెట్టుకున్నవాళ్లను చూశాను. ఇంటి తాళంచెవిని ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టు. కాగితం మీద రాయండి.

7. లీకు తర్వాత వచ్చే బెదిరింపులు

2018 జులైలో చాలామందికి ఒక మెయిల్ వచ్చింది. మొదటి వాక్యంలోనే వాళ్ల నిజమైన పాస్‌వర్డ్. "నీ కెమెరాతో నీ వీడియో తీశాను, బిట్‌కాయిన్ పంపకపోతే మీ వాళ్లందరికీ పంపిస్తాను" అని బెదిరింపు. వీడియో లేదు, గాడిద గుడ్డూ లేదు. పాత లీకుల్లో దొరికిన పాస్‌వర్డ్‌ను అక్కడ అతికించారు, అంతే. ఇలాంటివి ఇప్పటికీ వస్తుంటాయి. జవాబివ్వకండి, డబ్బు పంపకండి. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మాత్రం అదే మీకు హెచ్చరిక.

ఉద్యోగాల సైటులో వివరాలు పోతే ఉద్యోగాల మోసాలే వస్తాయి. మీ పాత కంపెనీ పేరు, హోదా చెప్పి మాట్లాడగానే నమ్మేయకండి. ఆ వివరాలు కొనడానికి దొరుకుతాయి.

డబ్బు పోయినట్టు కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అని ఆలస్యం చేయొద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే బ్యాంకుకు చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు ఇంకో ఖాతాకు జారిపోకముందే ఆపే వీలు అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, టైము, మెసేజీల స్క్రీన్‌షాట్లు చేతిలో ఉంచుకోండి. సోషల్ మీడియా ఖాతా ఒక్కటే పోయి ఉంటే, ముందు చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి చెప్పండి, "నా పేరుతో డబ్బులడిగితే ఇవ్వకండి" అని. ఖాతా రికవరీ తర్వాత చూసుకోవచ్చు. దొంగ ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే.

8. ఇంట్లో ఇంకొకరికి తెలియాలి

నాకు రేపు ఏదైనా అయితే కరెంటు బిల్లు దగ్గర్నుంచి ఇన్సూరెన్స్ దాకా మా ఆవిడకు ఏదీ తెరుచుకోదని, ఇన్ని గడియలు పెట్టాక గానీ నాకు తట్టలేదు. అందుకని ఒక కవరు తయారుచేశాను. అందులో ఈమెయిల్ పాస్‌వర్డ్, మాస్టర్ మాటలు, బ్యాకప్ కోడ్‌లు, ఫోన్ పిన్. మార్చినప్పుడల్లా కాగితమూ మార్చాలి, ఏటా ఉగాదికి ఒకసారి తీసి చూస్తాం. గూగుల్‌లో, ఖాతా కొన్ని నెలలు వాడకపోతే మనం చెప్పిన మనిషికి వివరాలు అందించే ఏర్పాటు ఉంది, దాన్నీ పెట్టాను.

కవరు ఎక్కడుందో మా ఇద్దరికే తెలుసు. బీరువాలో మాత్రం లేదు.